బ్లాంకా, హేలీ

నిన్న రాత్రి అమెరికన్ టీవీ సీరియల్ ‘పోజ్’ మొదటి భాగం మళ్లీ చూశాను. తండ్రి గెంటేసిన డేమన్ న్యూయార్క్ పార్కులో బెంచీ మీద తలదాచుకుంటాడు. బ్లాంకా అనే ట్రాన్స్‌జెండర్ మహిళ అతణ్ని చేరదీస్తుంది. గడువు దాటిపోయిందన్నా వినకుండా డాన్స్ స్కూలుకు వెళ్లి, ఒక్కసారి వాడి నాట్యం చూడమని బతిమాలుతుంది. కన్నతల్లి కూడా అంతగా పట్టుబట్టదేమో. అక్కడ నాకు ప్రతిసారీ కళ్లు చెమరుస్తాయి.

బ్లాంకా పాత్ర వేసిన ఎంజే రోడ్రిగెజ్ కూడా ట్రాన్స్ మహిళే. 2022లో ఆమెకు గోల్డెన్ గ్లోబ్ అవార్డు వచ్చింది. అంతకుముందు ఏ ట్రాన్స్ నటికీ అది దక్కలేదు.

బ్రిటన్‌లో ‘కొరొనేషన్ స్ట్రీట్’ సీరియల్ 1998లోనే హేలీ అనే ట్రాన్స్ మహిళ పాత్రను తెచ్చింది. ఆ వేషం ట్రాన్స్ నటికి ఇవ్వకపోవడం నాకు లోటే. అయినా హేలీ అంటే ప్రాణం. 1999లో రాయ్‌తో ఆమెకు జరిగింది చట్టం గుర్తించని పెళ్లి. చట్టం మారాక, 2010లో మళ్లీ చేసుకున్నారు. పదకొండేళ్లు! ఎర్ర కోటు వేసుకుని అదే వీధిలో తిరిగే ఆ మనిషిని 2014 దాకా జనం తమ ఇంట్లో కూర్చుని చూశారు. పక్కింటావిడను చూసినట్టే.