మంచం మీది నుంచి మాస్కో టెలిగ్రామ్

అమెరికా దౌత్యవేత్త జార్జ్ కెన్నన్ 1946 ఫిబ్రవరిలో సోవియట్ తీరు గురించి మాస్కో నుంచి వాషింగ్టన్‌కి పంపిన టెలిగ్రామ్ ఈ వారం మొత్తం కూర్చుని చదివాను. ఐదు వేల పైచిలుకు మాటలు! జలుబు, జ్వరం, పంటి బాధతో మంచం పట్టి, పడుకునే ఉండి సెక్రటరీకి చెప్పి రాయించారట. ఇన్నాళ్లూ తన మాట పట్టించుకోని పైవాళ్లకి ఇప్పుడైనా అర్థం కావాలన్న తపన ప్రతి పేరాలో తెలుస్తుంది.

నన్ను ఎక్కువ కదిలించింది మాత్రం ఆ తర్వాతి జీవితం. సోవియట్ విస్తరణని ఓపికగా కట్టడి చేయాలన్నారు ఆయన. ప్రభుత్వం దాన్ని ఆయుధాల లెక్కగా మార్చేసింది. ఆయన ప్రిన్స్‌టన్‌లోని పరిశోధన సంస్థకి వెళ్లి చరిత్ర రాసుకున్నారు. మధ్యలో 1952లో మాస్కోకి రాయబారిగా వెళ్తే, బెర్లిన్‌లో విలేకరులతో అన్న ఒక్క మాటకి సోవియట్లు మళ్లీ రానివ్వలేదు.

తన పేరుతో నడిచిన విధానమే దారి తప్పిందని చెప్పడానికి ఎంత దమ్ము కావాలి! 1966లో సెనేట్ కమిటీ ముందు, టీవీలో దేశమంతా చూస్తుండగా, వియత్నాం యుద్ధాన్ని తప్పుపట్టారు. తొంభై దాటాక నాటో విస్తరణ పెద్ద పొరపాటని రాశారు. 2002లో, 98 ఏళ్ల వయసులో, ఇరాక్‌పై యుద్ధం వద్దని కూడా విలేకరులకి చెప్పారు.