కుబ్ క్షిపణులతో కుస్తీ: ఈ నెల సాధన

డీసీఎస్ అనే యుద్ధవిమాన సిమ్యులేటర్ ఆటలో ఎస్‌ఏ-2, ఎస్‌ఏ-3 విమాన విధ్వంసక క్షిపణుల సంగతి తేలాక, ఈ నెలంతా అదే కోవకు చెందిన సోవియట్ ఎస్‌ఏ-6 మీదే పడ్డాను. అసలు పేరు కుబ్. క్వాద్రాత్ అనే ఎగుమతి పేరుతో మన సైన్యమూ వాడిన వ్యవస్థ కాబట్టి నాకు దీనిపై మక్కువ ఎక్కువ.

మిషన్ ఎడిటర్‌లో ఒక 1ఎస్91 రాడార్, చుట్టూ నాలుగు లాంచర్లు పెట్టాను. ఒక్కో దానిపై మూడు క్షిపణులు. వెతకడం, గురిపట్టడం, క్షిపణి తగిలేదాకా లక్ష్యంపై తరంగాలు ప్రసరించడం, అన్నీ ఆ ఒక్క రాడార్ బండి పనే. అది పోతే పన్నెండు క్షిపణులూ గుడ్డివే. లాంచర్లపై బాంబులు వృథా చేయనవసరం లేదు.

రాడార్ తరంగాలను పట్టుకుని దానిపైకే వెళ్లే హార్మ్ క్షిపణిని దూరం నుంచి వదలడం తేలిక. అందుకే ముప్పు రాగానే రాడార్ ఆపేసే స్క్రిప్టు జోడించాను. ఇక ఇద్దరం వెళ్లాల్సిందే. తమ్ముడు ఎఫ్-16లో ఎత్తుగా, 24 కిలోమీటర్ల పరిధి అంచుకు వెళ్తాడు. నేను కొండ చాటున నేలబారుగా వస్తాను. విశాఖ ఆర్కే బీచ్ నుంచి చూస్తే డాల్ఫిన్ నోస్ కొండ వెనుక యారాడ కనబడదు కదా, రాడార్‌కు నేనూ అంతే. 1982లో లెబనాన్‌లోని బెకా లోయలో ఇజ్రాయెల్ డ్రోన్లను ఎరవేసి సిరియా రాడార్లను ఇలాగే రెచ్చగొట్టింది.

“అన్నా, వదిలాడు!” అనగానే తమ్ముడు రాడార్ సరిగ్గా రెక్క కొస వైపు ఉండేలా తిరిగి, రాడార్‌ను తికమకపెట్టే లోహపు పోగులు (చాఫ్) చల్లుతూ కిందికి దిగుతాడు. అప్పుడు రాడార్ వైపు అతని వేగం దాదాపు సున్నా అవుతుంది, వేగాన్ని బట్టి లక్ష్యాన్ని గుర్తించే డాప్లర్ లెక్కలో నేలతో కలిసిపోతాడు. మోటారు ఆరిపోయిన క్షిపణి మలుపు తిరిగిన ప్రతిసారీ వేగం కోల్పోతుంది. దగ్గరకు వెళ్లిపోయాక మాత్రం ఈ ఉపాయం నమ్మదగినది కాదు. 1973 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో ఇజ్రాయెల్ పైలట్లకు ముందే హెచ్చరిక అందే ఈ వెసులుబాటు కూడా లేదు. వారి హెచ్చరిక పరికరాలు కుబ్ రాడార్ లక్ష్యంపై ప్రసరించే ఈ నిరంతర తరంగాన్ని పసిగట్టలేకపోయాయి. నాకైతే ఆ ఘట్టం చదివినప్పుడల్లా మనసు బరువెక్కుతుంది.

రాడార్ తమ్ముడికి అతుక్కుపోయిన ఆ కాస్త వ్యవధిలో నేను కొండ దాటి, పైకి లేచి, రెండు ఎంకే-82 బాంబులు వదిలి మళ్లీ చాటుకు వస్తాను.

జాయ్‌స్టిక్ సంగతీ చెప్పాలి. సముద్రపు తేమకు కర్ర కదలికను కొలిచే పొటెన్షియోమీటర్ వణికి, విమానం ముక్కు నిలిచేది కాదు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, డెడ్‌జోన్ (చిన్న కదలికలను పట్టించుకోని మేర) రెండు శాతం పెట్టాక కుదిరింది. తీరప్రాంతంలో కొత్తగా కొనేవారు రాపిడి లేకుండా అయస్కాంతంతో కదలికను కొలిచే హాల్ సెన్సర్ ఉన్నదే చూసుకోండి.

వచ్చే వారం రాడార్ పక్కన రెండు షిల్కాలు (విమానాలను కూల్చే తుపాకీ బండ్లు) పెడతాను. నేలబారు దారికి అసలు పరీక్ష అప్పుడే.