పళ్లెం అడుగున అదే పగులు

మళ్లీ పగిలింది. మూత జాడీలు బాగానే వచ్చాయి, మూతలు చక్కగా కూర్చున్నాయి, వాటి సంగతి అంతే. పళ్లెం సంగతే మింగుడు పడటం లేదు. తొలి కాల్పు అయ్యాక బట్టీ తెరిచి చూస్తే, సరిగ్గా నడిమధ్యన ‘ఎస్’ ఆకారంలో అదే వంకర గీత. 34 మి.మీ. పొడవు. గోరు పెడితే దిగుతోంది.

కొలతలు రాసి పెడుతున్నాను. పచ్చి మీద వ్యాసం 26 సెం.మీ., అడుగు మందం 9 మి.మీ., అంచు 6 మి.మీ. ఈ స్టోన్‌వేర్ మట్టి (ఎక్కువ వేడిలో కాలి రాయిలా గట్టిపడే రకం) మొత్తం 12 శాతం కుంచించుకుంటుంది, అంటే చివరికి 23 సెం.మీ.కి కాస్త తక్కువ మిగలాలి. అందులో సగం దాకా ఆరేటప్పుడే తగ్గిపోతుంది. గొడవంతా ఆ సగంలోనే ఉందని ఇప్పుడు నా నమ్మకం.

మొదట బట్టీనే అనుమానించాను. 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం రూపం మారి ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అంతే వేగంగా ముడుచుకుంటుంది. అక్కడ తొందరపడితే ఏ పాత్రయినా చిట్లుతుంది. కానీ ఆ చిట్లు అంచులు పదునుగా ఉంటాయి, వెంట్రుకంత సన్నగా బయటికి పరుగెడతాయి. ఇది అలా లేదు. నడుమ 1.5 మి.మీ. నోరు తెరిచి, రెండు కొసల్లో సన్నబడి ఆగిపోయింది. పెదవులు మొద్దుబారి ఉన్నాయి. అంటే మట్టి మెత్తదనం ఇంకా పోకముందే తెగిందన్నమాట.

రెండో అనుమానం అదుముడు చాలకపోవడం. గోడను రెండు చేతుల మధ్య నొక్కుతూ లేపుతాం. అడుగు మధ్యభాగాన్ని తెరిచి వదిలేస్తాం, దాన్ని నొక్కేవాళ్లెవరు? మడ్‌టూల్స్ కంపెనీ ఎరుపు రిబ్బు (మట్టిని నొక్కి నునుపు చేసే, వంగే చిన్న పలక) వంపులకు హాయిగా ఉంటుంది కానీ ఈ పనికి మరీ మెత్తన, మట్టి మీద జారిపోతుంది. గట్టిదైన నీలం రిబ్బుతో మధ్య నుంచి అంచుకు, అంచు నుంచి మధ్యకు, 12 మి.మీ. అడుగు 9కి దిగేదాకా అదిమాను. మునుపు 50 మి.మీ. దాటే పగులు 34కి తగ్గింది. కాబట్టి ఈ అనుమానం సగం నిజం.

మిగతా సగం ఆరే తీరు. చెక్క పలక మీద ఉన్న పళ్లేన్ని మరుసటి రోజు చేతి వెనుక భాగంతో తాకి చూశాను. అంచు గది గాలి అంత వెచ్చగా ఉంది, మధ్యభాగం మాత్రం చల్లగా తగిలింది. అక్కడ తడి ఇంకా ఆవిరవుతోంది. అంచు ముందే బిగుసుకుని కదలనంటోంది, మధ్యభాగం ఆలస్యంగా ముడుచుకోబోయి రెండు వైపులా లాగుడు పడి తెగుతోంది. సారె తిప్పినప్పుడు మట్టిలో పడిన మెలికే ఆ ‘ఎస్’ వంపు అని నా ఊహ.

కొనుక్కుంటే వచ్చే పళ్లేనికి ఇంత తంటా ఎందుకని స్నేహితులు అడుగుతారు. ఫలితంతో పనేముంది, చేయడంలోనే జీవితార్థం ఉంది అని ఇంకొందరు ఓదారుస్తారు. ఆ ఓదార్పు నాకు నచ్చదు. ఆంగ్లేయ రచయిత, హస్తకళాకారుడు విలియమ్ మారిస్ 1884లో ఇచ్చిన ఉపన్యాసంలో విలువైన శ్రమకు మూడు ఆశలు ఉండాలన్నాడు: విశ్రాంతి దొరుకుతుందని, వస్తువు చేతికొస్తుందని, ఆ పనిలోనే ఆనందం ఉంటుందని. మూడోదాన్ని విడదీసి పట్టుకుని ధ్యానం అంటున్నారు. రెండోది తీసేస్తే మూడోది ఎంతకాలం నిలుస్తుంది? నా చేతికి ఆనందం వచ్చేది మట్టి నా మాట విననప్పుడూ, విన్నప్పుడూ; వినకపోయినా ఫరవాలేదు అనుకున్న రోజు అది వట్టి చేతులు కడుక్కునే పని. జీవితానికి అర్థం ఉంటే, అన్నం పెట్టుకోదగిన పళ్లెంలోనే ఎక్కడో ఉండాలి, పగుళ్లలో వెతకను.

తర్వాతి పని: ఒకే ముద్ద నుంచి రెండు పళ్లేలు. ఒకటి ప్లాస్టర్ పలక మీద, అడుగు నుంచి కూడా తడి లాగేలా. రెండోది ఎప్పటిలా చెక్క మీద. రెండింటికీ అంచు చుట్టూ ప్లాస్టిక్ పట్టీ, మధ్యభాగం తెరిచి. కత్తికి తెగుతూనే వేలి గుర్తు పడని దశకు రాగానే బోర్లా తిప్పేస్తాను. రెండూ పగిలితే, కాల్చిన మట్టి పలుకులు కలిసిన ముతక మట్టికి మారతాను. అరచేతులు గీరుకుపోతాయి, కానీ కుంచించుకోవడం తక్కువ. నిలిస్తే మాత్రం 30 సెం.మీ. పళ్లెం మొదలుపెడతాను. దానికి పెద్ద పలక ఇప్పుడే కోసి ఉంచాలి.