పీపాల మధ్య దొరికిన లెక్క

కిందటి నెల ఓ అర్ధరాత్రి వంటింటి అలమరాలో ఢామ్మని పేలింది. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో మా అద్దె ఇంట్లో నేను కాచిన బీరు, రెండు సీసాలు. గాజు పెంకు ఒకటి తలుపు చెక్కలో దిగబడిపోయింది. పక్కనే పిల్లల పాల గిన్నెలు. ఆ టెన్షన్ తీరక, శనివారం పొద్దున్నే బ్రస్సెల్స్ రైలెక్కాను.

మిడి స్టేషన్ నుంచి కాస్త నడిస్తే కాంతియోన్. 1900 నాటి బ్రూవరీ. పైకప్పు కింద వెడల్పాటి రాగి తొట్టి. కాచిన ధాన్యపు రసం అందులో రాత్రంతా చల్లారుతుంటే దాన్ని పులియబెట్టే ఈస్ట్ గాలిలోంచే వచ్చి చేరుతుంది, మనుషులెవరూ కలపరు. మన తాటికల్లూ అంతేగా! లొట్టి మూతి మీద నురగ బుసబుసలాడుతుంటే చూస్తూ కూర్చునేవాణ్ణి. "మూత బిగించకురా, పేలుద్ది" అనేవాడు తాతయ్య.

ఇక్కడ మాత్రం బిగిస్తారు. ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు పీపాల్లో ఊరిన లాంబిక్‌లను (ఇలా గాలి ఈస్ట్‌తో పులిసిన బీరు పేరు అదే) కలిపి, మందపాటి సీసాల్లో పోసి బిరడా కొడతారు. చక్కెర వేయరు. లేత లాంబిక్‌లో పులియకుండా మిగిలిన తీపే సీసాలో మళ్లీ పులిసి గ్యాస్ పుట్టిస్తుంది. అడ్డంగా పేర్చిన ఆ సీసాల ముందు నిలబడితే నా తప్పు తెలిసొచ్చింది. నా బీరులో ఇంకా తీపి మిగిలి ఉండగానే, పదో రోజున, స్పూను కొలతతో చక్కెర వేసి మరీ మూతలు బిగించాను.

ఇంటికొచ్చి మళ్లీ కాచాను. బీరులో ఇంకెంత తీపి మిగిలిందో చెప్పే హైడ్రోమీటర్ వరసగా మూడు రోజులు ఒకే అంకె చూపించేదాకా ఆగాను. లీటరు బీరులో లీటరు గ్యాస్ కరిగితే ఒక వాల్యూమ్ అంటారు. 20 డిగ్రీల దగ్గర పులిసిన బీరులో 0.85 దాకా ముందే ఉంటుంది. నాకు 2.4 కావాలి. లీటరుకు 4 గ్రాముల చక్కెర సుమారు ఒక వాల్యూమ్ ఇస్తుంది కాబట్టి 20 లీటర్లకు 124 గ్రాములు. త్రాసులో తూచి, నీళ్లలో మరిగించి, చల్లార్చి, మొత్తం బీరులో మెల్లగా కలిపాను. సీసా సీసాకీ విడిగా వేస్తే ఒకటి చప్పగా, ఒకటి బాంబులా తయారవుతుంది.

ఒక్క ప్లాస్టిక్ సీసా కూడా నింపాను, రోజూ నొక్కి చూడటానికి. మొదట మెత్తగా లొత్త పడేది. తొమ్మిదో రోజుకి రాయిలా బిగిసింది. పదిహేనో రోజున గాజు సీసా ఒకటి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు మూత తీశాను. చిన్నగా 'స్స్' మంది. గ్లాసులో నురగ రెండు వేళ్ల మందాన నిలబడింది.