పదిహేను నిమిషాల పాఠం: మాల్దీవుల ఇంటర్వ్యూకు నేను సిద్ధపడిన తీరు

ఒంగోలులోని ఒక ప్రైవేటు హైస్కూల్లో 11 ఏళ్లు ఇంగ్లీషు చెప్పిన తర్వాత, మాల్దీవుల్లోని ఒక దీవి బడిలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాను. ఇంటర్వ్యూకు సిద్ధపడటమంటే నా ఇంగ్లీషును సరిచేసుకోవడమేనని అప్పట్లో గట్టిగా నమ్మాను. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఆ బెదురు ఒక పట్టాన వదలదు.

మాల్దీవులే ఎందుకని చాలామంది అడిగారు. విదేశాల్లో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగాల ప్రకటనలు వెతికితే, సగానికి సగం ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశాల వాళ్లకే అన్న షరతుతో మొదలవుతాయి. దక్షిణ కొరియా అయితే ఈ ఉద్యోగానికిచ్చే వీసాను ప్రధానంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా అనే ఏడు దేశాల పౌరులకే ఉంచింది. 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక ఒప్పందం మనవాళ్లకు ఒక సందు తెరిచిన మాట నిజమే కానీ, ఆ సందులోంచి దూరడం నాబోటి వాళ్లకు సులువు కాదు. మాల్దీవుల బడులు మాత్రం ఎన్నో ఏళ్లుగా భారత్, శ్రీలంకల నుంచి టీచర్లను తీసుకుంటున్నాయి. అక్కడ వాళ్ల సొంత భాష దివేహి, ఇస్లాం పాఠాలు తప్ప మిగతా చదువంతా దాదాపు ఇంగ్లీషులోనే సాగుతుంది కాబట్టి ఇంగ్లీషు టీచరుకు పని ఎక్కువ, అవసరమూ ఎక్కువ.

మొదట తగిలింది ఒక ఏజెంటు. ఇంటర్వ్యూ ‘ఇప్పించడానికి’ లక్షా ఇరవై వేలు అడిగాడు. విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్ పోర్టల్లో నమోదైన ఏజెంట్ల జాబితా ఉంటుందనీ, వాళ్లు తీసుకోదగిన రుసుముకు 30,000 రూపాయలూ దానిపై జీఎస్టీ అనే పరిమితి ఉంటుందనీ తెలిసి చూస్తే, అతని పేరు ఆ జాబితాలోనే లేదు. ఆ తర్వాత నేరుగా బడికే దరఖాస్తు పంపాను, మూడు వారాలకు ఇంటర్వ్యూ తేదీ వచ్చింది. అరగంట సమయం, అందులో పదిహేను నిమిషాలు డెమో పాఠం.

మొదటి పది రోజులు నా ఉచ్చారణతో కుస్తీ పట్టాను. మనది అజంత భాష, మాట చివర అచ్చు లేకపోతే మన నాలుకకు తోచదు. బస్సు, బుక్కు, బెంచి అని అలవాటైన నోరు ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు కూడా చివర ఒక చిన్న ‘ఉ’నో ‘ఇ’నో చాటుగా తగిలిస్తుంది. ‘వి’తో మొదలయ్యే వెస్టుకూ (చొక్కా మీద వేసుకునేది) ‘డబ్ల్యూ’తో మొదలయ్యే వెస్టుకూ (పడమర) నా నోట తేడా ఉండేది కాదు. ఊనిక, అంటే మాటలో ఒక భాగాన్ని నొక్కి పలకడం, మరీ అన్యాయం. ఫొటోగ్రాఫ్ అన్నప్పుడు మొదటి అక్షరం మీద, ఫొటోగ్రఫీ అన్నప్పుడు రెండో దాని మీద, ఫొటోగ్రాఫిక్ అన్నప్పుడు మూడో దాని మీద పడే ఊనికను నేను అన్నింటిలోనూ సమానంగా పంచి పెడుతున్నానని ఫోన్లో రికార్డు చేసుకుని వింటేనే తెలిసింది. ఇదంతా పనికిరాదని అనను. కానీ పది రోజులు దీనికే పెట్టడం తెలివైన పని కాదు.

ఆ సంగతి చెప్పింది మా బడిలో నాకంటే ముందు పనిచేసి, తర్వాత నాలుగేళ్లు మాల్దీవుల్లో టీచరుగా ఉండి వచ్చిన ఒక అక్క. ఫోన్ చేస్తే నా గోడంతా విని, ‘నీ ఉచ్చారణ గురించి వాళ్లకేం పట్టింపు లేదమ్మా, వాళ్లూ మనలాగే దాన్ని రెండో భాషగా నేర్చుకున్నవాళ్లే. స్పష్టంగా మాట్లాడితే చాలు. డెమో ఎట్లా చేస్తావో అది చూస్తారు. ఒకసారి చేసి వీడియో పంపు’ అంది. పక్కింటి పిల్లలు ఇద్దరినీ, ఎదురింటి పాపనూ కూర్చోబెట్టి, ఎన్నోసార్లు చెప్పి నలిగిన ప్రెజెంట్ కంటిన్యువస్ పాఠం చెప్పి పంపాను. నాకైతే బ్రహ్మాండంగా వచ్చిందనిపించింది. గంట తర్వాత వచ్చిన జవాబులో పొగడ్త లేదు, తిట్టూ లేదు: ‘పదిహేను నిమిషాల్లో పిల్లలు మాట్లాడింది యాభై సెకన్లు. అందులో సగం ఎస్ మేడం.’

ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. బాగా వివరిస్తుందని పేరున్న టీచర్ని నేను. యాభై మంది కూర్చునే గదిలో, మార్చికల్లా సిలబస్ ముగించాల్సిన చోట, పాఠం చదివి అర్థం చెప్పి, ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద రాసి, బట్టీ పట్టించి అప్పచెప్పించుకోవడమే బోధన అయిపోతుంది. మా పిల్లలు పరీక్షలో 90కి పైగా మార్కులు తెచ్చుకుని కూడా బస్టాండులో ఎవరైనా ఇంగ్లీషులో దారి అడిగితే పక్కకు తప్పుకుంటారు. దానికి వాళ్ల సిగ్గు కారణమని ఇన్నేళ్లు అనుకున్నాను. పదకొండేళ్లలో వాళ్లకు మాట్లాడే సందు నేనిచ్చానా అన్న ప్రశ్న నాకు రాలేదు.

అక్క సలహా మీదే ఇంగ్లీషు బోధనా నిపుణులు ఎన్.ఎస్. ప్రభు గారి ప్రయోగం గురించి చదివాను. 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు వంటి చోట్ల మామూలు బడుల్లోనే, మనలాంటి పిల్లలతోనే ఆయన బృందం వ్యాకరణ సూత్రాలు చెప్పడం పక్కన పెట్టి, పిల్లలకు రైలు టైంటేబుళ్లు, పటాలు ఇచ్చి, బుర్ర పెట్టి తేల్చాల్సిన పనులు ఇచ్చింది. పని మీద ధ్యాస ఉంటే భాష దానంతటదే పడుతుందని ఆయన వాదన. ఒకరి దగ్గరున్న సమాచారం మరొకరి దగ్గర లేకపోవడం వల్ల మాట్లాడక తప్పని పరిస్థితి ఏర్పడే పనులు ఆయన చెప్పిన రకాల్లో ఒకటి. నా డెమోకు దాన్నే ఎంచుకున్నాను.

ఒంగోలు స్టేషన్‌లో ఆగే రైళ్లతో ఒక చిన్న టైంటేబుల్ తయారుచేసి, దాన్ని రెండు కాగితాలుగా విడగొట్టాను. పినాకిని ఎన్నింటికి వస్తుందో ఒక కాగితంలో ఉంటే రెండోదానిలో ఖాళీ, కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎన్నింటికి బయల్దేరుతుందో రెండోదానిలో ఉంటే మొదటిదానిలో ఖాళీ. ఒకరినొకరు ఇంగ్లీషులో అడిగి ఖాళీలు నింపుకోవాలి. మొదటిసారి అంతా అభాసుపాలైంది. పిల్లలు నిమిషంలో ఒకరి కాగితం ఒకరు చూసి రాసేసుకుని, ‘అయిపోయింది ఆంటీ’ అన్నారు.

రెండోసారి ఇద్దరినీ వీపులు ఆనించి కూర్చోబెట్టాను. అప్పుడు తెలుగులో అడుక్కున్నారు. మూడోసారి, అడగడానికి రెండు వాక్యాల చట్రాలు పలకమీద రాసి, పని మొదలయ్యే ముందు వాటిని గట్టిగా అనిపించాను. ‘అర్థమైందా?’ అని అడగడం మానేశాను, ఎందుకంటే ఆ ప్రశ్నకు మన పిల్లల జవాబు ఎప్పుడూ అర్థమైందనే. దాని బదులు, కాగితం పక్కవాళ్లకు చూపించవచ్చా, ముందు ఎవరు అడగాలి అని అడగడం నేర్చుకున్నాను. ఇవన్నీ అలవాటు చేసుకోవడం ఒక ఎత్తు, ప్రశ్న వేసి నోరు మూసుకుని ఆగడం ఒక ఎత్తు. నేను ఏదైనా అడిగి రెండు సెకన్లలో జవాబు రాకపోతే నేనే చెప్పేస్తానని వీడియోల్లో కనిపించింది. మనసులో ఐదు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. గుమ్మంలో నిలబడి చూస్తున్న మా వారు, ‘పెళ్లయిన ఇన్నేళ్లకు నువ్వు మాట్లాడకుండా ఉండటం ఇప్పుడే చూస్తున్నా’ అన్నారు. ఆరోసారి వీడియోలో పిల్లల మాటలు ఏడు నిమిషాలు దాటాయి.

తర్వాత రైళ్లు తీసేసి పడవలు పెట్టాను. మాల్దీవుల్లో రైలు పట్టాలే లేవు, దీవి నుంచి దీవికి ధోనీలు అనే అక్కడి సంప్రదాయ పడవలు, ఫెర్రీలు, స్పీడుబోట్లే దిక్కు. రైలు చూడని పిల్లలకు రైలు టైంటేబుల్ ఇవ్వడమేమిటని అక్క అడిగేదాకా నాకు తట్టలేదు. ఆ సాకుతో దివేహి గురించి కాస్త చదివాను. అది సింహళానికి దగ్గరి భాష, తానా అనే లిపిలో కుడి నుంచి ఎడమకు రాస్తారు. పాత ‘ప’కారం ఆ భాషలో ‘ఫ’కారంగా మారిపోయింది. మన పానీయానికి చుట్టమైన నీళ్లు అక్కడ ‘ఫెన్’, పుస్తకం ‘ఫొత్’. వాక్యంలో క్రియ మనలాగే చివరకే వస్తుందని చదివాక, ఆ పిల్లలు ఇంగ్లీషులో ఎక్కడ తడబడతారో కొంతైనా ఊహించగలననే ధైర్యం వచ్చింది.

కాగితాల పని గురించి ఎక్కువ చెప్పను. పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ పాస్‌పోర్ట్ సేవా ద్వారా 500 రూపాయలతో వచ్చింది. బాధపెట్టింది నేను అంతకుముందు మూడేళ్లు పనిచేసిన ఒక బడి. చేరినప్పుడు ‘భద్రంగా ఉంటాయి’ అని తీసుకున్న నా బీఈడీ ఒరిజినల్‌ను తిరిగివ్వడానికి నలభై రోజులు తిప్పారు. ఇచ్చేటప్పుడు కూడా ఏదో ఉపకారం చేస్తున్నట్లే ఇచ్చారు. టీచర్ల ఒరిజినల్స్ బీరువాలో పెట్టుకునే ఈ పద్ధతిని ఎవరూ ప్రశ్నించకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంటర్వ్యూ వాళ్ల సమయం ప్రకారం ఉదయం 10 గంటలకు. మాల్దీవులు మనకంటే అరగంట వెనుక కాబట్టి మనకు పదిన్నర. ఆ రోజు కరెంటు పోతుందేమోనని ఫోన్ నెట్‌నూ సిద్ధంగా పెట్టుకున్నాను కానీ, దాని అవసరం రాలేదు. తెర మీద ముగ్గురు ఉన్నారు. డెమోకు పిల్లలుండరనీ, ఐదో తరగతి పిల్లలుగా తామే నటిస్తామనీ చెప్పారు. కాగితాలు ముందే మెయిల్లో పంపి ఉన్నాను. ఇద్దరు ఉత్సాహంగా అడిగి చెప్పుకున్నారు, మూడో ఆవిడ మాత్రం తల వంచుకుని ఏమీ మాట్లాడలేదు. పరీక్షిస్తున్నారని తెలుస్తూనే ఉంది. నోటిదాకా వచ్చిన జవాబును మింగి, ఐదు లెక్కపెట్టి, ఆమెకు రెండు జవాబుల్లో ఒకటి ఎంచుకునే చిన్న ప్రశ్న వేశాను. ఒక్క మాటలో చెప్పారు. ఆ మాటను పూర్తి వాక్యంగా నేను అనకుండా, ఆమె పక్కనున్నాయన చేత అనిపించి, మళ్లీ ఆమెను అడిగాను. అప్పుడు తల ఎత్తారు.

ప్రశ్నల్లో రెండు గుర్తున్నాయి. ఇంట్లో తనను కొడుతున్నారని ఒక పిల్ల మీతో చెబితే ఏం చేస్తారని అడిగారు. తల్లిదండ్రులను పిలిపించి మాట్లాడతానన్నాను. అది తప్పనీ, అలా చేస్తే పిల్ల మరింత ప్రమాదంలో పడవచ్చనీ, విన్నది విన్నట్లు రాసి బడిలో ఆ బాధ్యత ఉన్నవారికి వెంటనే అప్పగించాలనీ వాళ్లే చెప్పారు. ఇన్నేళ్ల సర్వీసులో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. రెండోది, కొన్ని వందల మంది ఉండే దీవిలో, శుక్ర శనివారాలు సెలవుగా, ఇస్లాం రాజ్యమతంగా ఉన్న దేశంలో ఉండటం గురించి ఆలోచించారా అన్నది. పూజించే విగ్రహాలు తీసుకురాకూడదన్న నిబంధన చదివానని చెప్పాను. అమ్మ తిరుపతి నుంచి తెచ్చిచ్చిన చిన్న ఇత్తడి వెంకటేశ్వరస్వామిని అప్పటికే ఆమె దగ్గరే వదిలేసి వచ్చాను. దాని మీద రెండు రోజులు మా ఇంట్లో మాటలు లేవు, అది వేరే కథ.

తొమ్మిది రోజులకు మెయిల్ వచ్చింది. అడిగింది ఏడు, ఎనిమిది తరగతులు, ఇచ్చింది నాలుగు, ఐదు. కారణమేమీ రాయలేదు, డెమో చూసి నన్ను చిన్న పిల్లలకు తగినదానిగా అనుకున్నారేమో. సంతకం పెట్టి పంపాను. సర్టిఫికెట్లకు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, ఆ తర్వాత విదేశాంగ శాఖ ముద్ర వేయించుకోవాలన్నారు కాబట్టి, నలభై రోజులు తిరిగి సంపాదించిన ఆ బీఈడీ ఒరిజినల్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మర్నాడే బయల్దేరాను.