తుఫాను వస్తుందని తెలిసీ ఇల్లు వదలనివాళ్ళు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మద్రాసులో ఉండేవాళ్ళకి ఒక కన్ను ఆకాశం మీదే ఉంటుంది. అల్పపీడనం వాయుగుండం అవుతుంది, వాయుగుండం తుఫాను అవుతుంది, దానికో పేరు పెడతారు. ఆ పేరు వచ్చిన మర్నాడు టీవీలో ఒక మనిషి తప్పకుండా కనిపిస్తాడు. ఎంతమంది వచ్చి చెప్పినా ఇల్లు కదలని మనిషి. మైకు పట్టుకున్న కుర్రాడు "ఎందుకండీ ఇంత మొండితనం?" అని అడుగుతాడు. చూసేవాళ్ళందరూ అవునంటారు. నాకు మాత్రం కడుపు రగిలిపోతుంది. 2016 డిసెంబరులో వర్దా వచ్చినప్పుడు అలా కదలని ఇల్లు మాది.

మేముండేది రాయపురంలో, కల్మండపం దగ్గర, రెండో అంతస్తు. సముద్రం నడిచి వెళ్ళేంత దూరం. అప్పటికి మా అత్తయ్యకి పక్షవాతం వచ్చి ఎడమవైపు పూర్తిగా పడిపోయింది. మాట ఉంది, తెలివి ఉంది, కుడి చెయ్యి పనిచేసేది. లేచి కూర్చోవాలంటే ఇద్దరం పట్టాలి. వీపు పుండ్లు పడకుండా ఎయిర్ బెడ్ వేశాం. దానికి కరెంటుతో నడిచే చిన్న పంపు ఉంటుంది. ఒక వరస గదుల్లో గాలి నింపుతూ ఇంకో వరసలో తీస్తూ ఉంటుంది, దాంతో ఒంటి బరువు ఎప్పుడూ ఒకేచోట పడదు.

ఆదివారం ఆటోకి మైకు కట్టుకుని వీధి వీధీ తిరిగి చెప్పారు, సముద్రం దగ్గరవాళ్ళు, పల్లపు ప్రాంతాలవాళ్ళు శిబిరాలకి వెళ్ళిపోండని. మా ఆయన దగ్గర్లోని స్కూల్లో పెట్టిన శిబిరానికి వెళ్ళి చూసొచ్చారు. బెంచీలు పక్కకి జరిపి చాపలు వేశారట, అన్నం వండుతున్నారట. చూసుకునేవాళ్ళు మంచివాళ్ళేనట. కానీ బాత్రూములు గ్రౌండుకి అవతల ఉన్నాయి, ఎక్కడానికి మెట్లు, లోపల కూర్చునేది కింద. ఆయన చెబుతుంటే అత్తయ్య విని, "నన్ను అక్కడికి మొయ్యకండిరా. నలుగురి మధ్య చాప మీద నాకు ఆ పని కాదు" అన్నారు. ఆవిడ తుఫానుకి భయపడలేదని కాదు. ఆ రాత్రంతా కుడిచేత్తో నా చీర కొంగు పట్టుకునే ఉన్నారు. చావుకన్నా ఆ సిగ్గు ఆవిడకి పెద్దది. అది మొండితనమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పోనీ అంబత్తూరులో మా చిన్నమామయ్యగారింటికి తీసుకెళ్దామంటే అంబులెన్సు కావాలి. నోట్ల రద్దు జరిగి అప్పటికి నెల దాటింది. ముందు రోజు రెండో శనివారం, ఆ రోజు ఆదివారం, బ్యాంకులు లేవు. ఏటీఎంలలో డబ్బు లేదు, ఉన్నచోట వీధి చివరిదాకా క్యూ. ప్రైవేటు అంబులెన్సువాళ్ళు చేతికి డబ్బిస్తేనే వస్తామన్నారు. ఇంట్లో ఉన్నది ఒక్క రెండు వేల నోటు, పాలకీ కూరగాయలకీ దాచుకున్న కొన్ని పదులు. ఆ నోటు ఇచ్చేస్తే మర్నాడు మందులకి ఏం చెయ్యాలి?

ఉండిపోయాం.

సోమవారం పొద్దున గాలి ఉత్తరం నుంచి మొదలైంది. కాసేపటికే కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద పంపు కొన్ని గంటలు నడిచి ఆగింది. ఇంట్లో ఎప్పుడూ వినిపించే ఆ సన్నటి రొద ఆగిపోయేసరికి అందరం ఒక్కసారే అటు తిరిగాం. పరుపులో గాలి మెల్లగా దిగిపోతోంది. ముందు అంచులు మెత్తబడ్డాయి, తర్వాత నడుము దగ్గర లోపలికి కుంగింది. అత్తయ్య తుంటి ఎముక మంచం చెక్కని తాకుతోందో లేదోనని నేను కిందికి చెయ్యి పెట్టి చూశాను. తాకుతోంది. పాత దుప్పట్లు నాలుగు మడతలు వేసి కిందకి తోశాం. అప్పట్నుంచి రెండు గంటలకోసారి ఒక పక్కకి తిప్పడం, వీపుకి పౌడరు రాయడం. బయట ఏం విరుగుతోందో, ఎవరి రేకులు ఎగురుతున్నాయో చూసే తీరిక లేదు. కిటికీ రెక్క కింద సందులోంచి వాన నీళ్ళు లోపలికి చిమ్ముతుంటే తువ్వాళ్ళు కుక్కి, మంచాన్ని హాలు మధ్యకి లాగాం.

సాయంత్రం గాలి ఉన్నట్టుండి నిలిచిపోయింది. కుర్రాళ్ళు కిందికి దిగి చెట్టు కింద పడ్డ బళ్ళు లాగడం మొదలుపెట్టారు. అది తుఫాను కన్ను. తుఫాను నడిమధ్య భాగం ఊరి మీదుగా పోతున్నప్పుడు గాలి అలా ఆగుతుంది. అది దాటగానే అవతలి పక్క నుంచి, అదే జోరుతో మళ్ళీ వస్తుంది. కింది ఇంటి తాతగారు గేటు దగ్గర నిలబడి "లోపలికి రండ్రా, ఇంకా సగం ఉంది" అని అరిచారు. అన్నట్టే ఈసారి దక్షిణం నుంచి వచ్చింది. పొద్దుటినుంచీ పొడిగా ఉన్న వంటింటి కిటికీ తడవడం మొదలైంది.

మేం బతికాం. వీధిలో పెద్ద చెట్లన్నీ పోయాయి. కరెంటు రోజుల తరబడి రాలేదు. అత్తయ్యకి వీపు మీద చిన్న పుండు పడింది, మానడానికి చాలా కాలం పట్టింది.

ఆ తర్వాతే నేను ఇలా ఉండిపోయేవాళ్ళ గురించి కనిపించిందల్లా చదవడం మొదలుపెట్టాను. అమెరికాలో 2005లో కత్రినా హరికేన్ వచ్చినప్పుడు న్యూ ఆర్లీన్స్ మేయరు ఊరంతా ఖాళీ చెయ్యాలని ఆగస్టు 28న ఆజ్ఞ ఇచ్చారు. మర్నాడు పొద్దున్నే తుఫాను తీరం దాటింది. అప్పటికే లక్షల మంది కార్లలో వెళ్ళిపోయారు. వేల మంది ఉండిపోయారు. వాళ్ళలో చాలామందికి కారే లేదు. పైగా నెలాఖరు, చేతిలో డబ్బు ఆడదు. అది చదివినప్పుడు మా ఇంట్లో ఆ ఒక్క రెండు వేల నోటు గుర్తొచ్చి పుస్తకం మూసేశాను. అంత డబ్బున్న దేశంలో కూడా నెలాఖరు నెలాఖరే. లూసియానాలో చనిపోయినవాళ్ళలో సగానికి దగ్గర దగ్గర 75 ఏళ్ళు, ఆపైబడినవాళ్ళు. పెంచుకున్న కుక్కల్నీ పిల్లుల్నీ శిబిరాల్లోకి రానివ్వరని ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు. 2006లో అక్కడ చట్టం చేశారు, ఊరు ఖాళీ చేయించే పథకంలో పెంపుడు జంతువుల ఏర్పాటు కూడా ఉండాలని. అంటే ఇల్లు వదలని మనిషిని తిట్టడం మాని, ఎందుకు వదలడో అడిగారన్న మాట.

మా వీధి చివర శ్రీకాకుళం నుంచి వచ్చి కాశిమేడు హార్బర్లో బోటు మీద పనిచేసే అన్న ఒకాయన ఉన్నాడు. తుఫాను హెచ్చరిక రాగానే ఆయన భార్యాపిల్లల్ని బంధువుల దగ్గరికి పంపేసి తను హార్బరుకే వెళ్తాడు. బోట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉంటాయి. అల లేచినప్పుడల్లా ఒకదానికొకటి గుద్దుకుంటాయి. మధ్యలో పాత టైర్లు వేలాడదీస్తారు. తాడు అంచుకి రాసుకుని రాసుకుని పోగులు లేస్తుంది. నీటిమట్టం పెరిగితే తాడు వదలాలి, తగ్గితే బిగించాలి, లోపల చేరిన నీళ్ళు తోడాలి. ఒక్క బోటు తాడు తెగిందంటే పక్కవాటిని కూడా పగలగొడుతుంది. "బోటు ఓనరుదే గాని కూడు మాదీ గదమ్మా. రాత్రికాడ తాడు తెగితే ఎవులు కడతారు?" అన్నాడు నాతో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం, ఆ రెండు నెలలూ సముద్రం మీద సంపాదన లేదు. తుఫానులు వచ్చే నెలల్లో బోటు విరిగితే ఇంకెన్ని నెలలు కూర్చోవాలి? ప్రాణం ముఖ్యం కదా అని నేను అనగలను, అన్నాను కూడా. కానీ ఆయన రాత్రి ఆ చీకట్లో ఉండకుండా ఉండాలంటే బోటుకి బీమా ఉండాలి, పోతే చేతికి త్వరగా డబ్బు రావాలి. ఒట్టి హెచ్చరికతో ఆ మనిషి కదలడు.

ఇవన్నీ చెప్పి, కదలకపోవడం మంచిదని అనడం లేదు నేను. నన్ను నిజంగా భయపెట్టేది ఇంకొకటుంది. మా వీధిలో ఇప్పుడు ఏ తుఫాను వస్తుందన్నా "వర్దానే చూశాం, ఇదెంత" అంటారు. వర్దా తీరం దాటినప్పుడు గాలి గంటకి 110 నుంచి 120 కిలోమీటర్లు. అమెరికావాళ్ళు పెద్ద హరికేన్ అనే మూడో కేటగిరీ గంటకి 178 దగ్గర మొదలవుతుంది. కొలిచే పద్ధతిలో కొంత తేడా ఉన్నా, అది వేరే సంగతి, మనం చూసింది వేరే సంగతి. మిసిసిపీ తీరంలో 1969లో కామిల్ అనే ఐదో కేటగిరీ హరికేన్‌ని తట్టుకున్న ఇళ్ళవాళ్ళు కొందరు, కామిల్‌కే పడని ఇల్లని ధైర్యంతో కత్రినాకి లోపలే ఉండిపోయారు. కత్రినా గాలి కామిల్ కంటే తక్కువే. కానీ తుఫాను చాలా పెద్దది, 8 మీటర్లకి పైగా ఉప్పెన తెచ్చింది. పాత తుఫాను దాటని గడప మీద నుంచి నీళ్ళు వచ్చాయి.

ఉప్పెన అన్న మాట మా అమ్మమ్మ నోట విన్నదాన్ని నేను. ఆవిడది దివిసీమ, నాగాయలంక పక్క. 1977 నవంబరు 19న అక్కడ ఏం జరిగిందో మన ఇళ్ళలో చెప్పనక్కర్లేదు. ఆ ఉప్పెనలో పోయినవాళ్ళు ప్రభుత్వ లెక్కలోనే సుమారు 10 వేల మంది. అమ్మమ్మ బతికున్నంత కాలం, రేడియోలో తుఫాను అన్న మాట వినపడగానే సంచి సర్దేది. వాన చినుకు పడకముందే మచిలీపట్నంలో చెల్లెలి మేడింటికి బయలుదేరేది. అక్కడికి రాకుండానే ఎన్నో తుఫానులు దారి మళ్ళాయి. వెళ్ళొచ్చినందుకు ఆవిడ ఎప్పుడూ బాధపడలేదు. గాలి చూసినవాళ్ళకీ నీళ్ళు చూసినవాళ్ళకీ అదే తేడా.

ఇంకా 2023 డిసెంబరులో మిచాంగ్ ఉంది. అది చెన్నైలో తీరం దాటనేలేదు. తీరం పక్కనే మెల్లగా జరుగుతూ 4వ తేదీన ఊరిని వానలో ముంచేసి, మర్నాడు బాపట్ల దగ్గర దాటింది. గాలి పెద్దగా లేదు కదా అని వేళచ్చేరి, పళ్ళికరణై వైపు కింది అంతస్తుల్లో ఉండిపోయినవాళ్ళని తర్వాత పడవల్లో తీశారు. ఒక్కో తుఫాను ఒక్కో దారిలో వస్తుంది. నిన్నటిదాన్ని బట్టి రేపటిదాన్ని కొలవడం ప్రాణాంతకం.

అత్తయ్య 2019లో పోయారు. ఇప్పుడు మా కింది ఇంటి తాతగారు, ఆ రోజు గేటు దగ్గర నిలబడి అరిచినాయన, ఆక్సిజన్ మిషన్ మీద ఉన్నారు. పోయిన అక్టోబరులో వీధివాళ్ళం కొందరం కూర్చుని మంచం మీద ఉన్నవాళ్ళ పేర్లు, మిషన్లు కావలసినవాళ్ళ పేర్లు రాశాం. శిబిరంలో ఒక కమోడ్ కుర్చీ, చుట్టూ ఒక తెర, ఒక నవ్వారు మంచం ఉంటే చాలు, మా అత్తయ్య వచ్చేవారు. అందుకే చందా వేసి మడిచే కమోడ్ కుర్చీ ఒకటి కొన్నాం. కార్పొరేషన్ వాళ్ళ 1913, రాష్ట్ర కంట్రోల్ రూం 1070, జిల్లాది 1077, ఈ నంబర్లన్నీ పెద్ద అక్షరాలతో రాసి మెట్ల దగ్గర అంటించాం. తాతగారిని మాత్రం తుఫానుకి పేరు పెట్టిన రోజే అవడిలో కూతురింటికి పంపాలని అనుకున్నాం. కారు ఎదురింటి మేస్త్రిగారిది, పెట్రోలు డబ్బు ముందే తీసి విడిగా పెట్టాం. సిలిండరు పట్టుకునేది మా అబ్బాయి. తాతగారు ఒక్కటే అడిగారు, "వాన రాకపోతే మర్నాడే తీసుకొచ్చేస్తారుగా?" అని. తీసుకొస్తామని మాటిచ్చాం.