శ్రీశైలం కాలిదారిలో నీళ్ళ లెక్క

శివరాత్రికి శ్రీశైలం నడిచేవాళ్ళలో మనవాళ్ళు ఎక్కువ, ఉగాదికి కన్నడిగులు ఎక్కువ. దారి ఒకటే: ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో అడవిలోకి అడుగుపెట్టి నాగలూటి, దామర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను దాటి కైలాసద్వారం ఎక్కాలి. మొత్తం నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ. రెండు పండగలకూ మధ్య నెల తేడానే గానీ, ఆ నెలలో అడవి నీళ్ళన్నీ తాగేస్తుంది. శివరాత్రికి వాగుల్లో అక్కడక్కడా మడుగులు మిగిలి ఉంటాయి. ఉగాదికి వచ్చేసరికి ఇసుక తేలుతుంది.

ఈ దారి దగ్గరిదారి కాదు, నీళ్ళ దారి. ఊట, కుంట, చెరువు, బావి ఎక్కడుంటే అక్కడికి వంకర తిరుగుతుంది. 1830లో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా ఆత్మకూరు నుంచి ఈ మజిలీల మీదుగానే శ్రీశైలం వెళ్ళాడు. నీళ్ళు ఇలా అక్కడక్కడే దొరకడానికి కారణం రాతిలో ఉంది. కొండ పైపొర క్వార్ట్‌జైట్; గట్టిదే, కానీ ఒళ్ళంతా చీలికలు. పడ్డ వాన పైన నిలవకుండా ఆ చీలికల్లో దిగిపోతుంది. నీరు ఇంకని పొర అడ్డం వచ్చిన చోట లోయ పక్కన ఊటగా బయటపడుతుంది. అందుకే గట్టు మీద మోడుబారిన అడవి, కాస్త దిగితే పచ్చటి నేరేడు చెట్లు.

వాగు ఎండాక మిగిలేది చెలమే. దాన్ని తవ్వడంలో చెంచుల పనితనం చూడాలి. వాగు నడిమధ్యలో ఎప్పుడూ తవ్వరు. వాగు మలుపు తిరిగి ఇసుక మందంగా మేట వేసిన చోట, ఒడ్డున గడ్డి ఇంకా పచ్చగా ఉన్నవైపు మొదలుపెడతారు. గోడలు నిలువుగా తవ్వితే ఇసుక జారి పూడిపోతుంది కాబట్టి పైన వెడల్పుగా, కిందికి సన్నగా, గరాటులా దించుతారు. మోచేతి లోతులో తడి తగలకపోతే చోటు మారుస్తారు. మొదట ఊరేది బురదనీరు. రెండు మూడుసార్లు తోడి పారబోసి, మళ్ళీ ఊరేదాకా ఆగాలి. ఆత్రంగా మొదటి నీళ్ళే ముంచుకున్నవాళ్ళకు దక్కేది మట్టే. ఇది చెంచుల విద్య; పులుల అభయారణ్యంలో యాత్రికులు గోతులు తవ్వకూడదు.

చెరువు నీళ్ళు తప్పనప్పుడు చిల్లగింజ అరగదీసి కలిపితే మట్టి అడుగుకు దిగి నీరు తేరుకుంటుంది. తేరిన నీళ్ళన్నీ మంచినీళ్ళు కావు, క్రిములు అలాగే ఉంటాయి. ఒకప్పుడు దిగుడుబావుల్లోంచి నారికురుపు, అంటే చర్మంలోంచి నారలాంటి పురుగు బయటికొచ్చే జబ్బు, అంటుకునేది. దాన్ని మోసే సన్న పురుగులు గుడ్డలో చిక్కుతాయి కాబట్టి నీళ్ళు వడగట్టుకోవడం పనిచేసింది. 2000లో మన దేశానికి ఆ పీడ విరగడైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. విరేచనాలు తెచ్చే క్రిములు గుడ్డకు ఆగవు. అడవిలో నిప్పు పెట్టకూడదు, కాచుకోవడం కుదరదు. క్లోరిన్ బిళ్ళలే దిక్కు. వేశాక అరగంట ఆగి తాగాలి.

కరువు పేరెత్తితే సీమలో ఇప్పటికీ ముందు వచ్చేది ధాత కరువే. ధాత నామ సంవత్సరం, 1876లో, నైరుతి వానా ఈశాన్య వానా రెండూ తప్పాయి. కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలు తుడిచిపెట్టుకుపోయాయి. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెడితే కర్నూలు జిల్లాలో సుమారు నాలుగోవంతు జనం కనిపించరు. కరువు పనుల్లో మట్టి మోసే మగవాడికి, వైస్రాయి పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ ఖరారు చేసిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అరకిలో కూడా లేదు. అది బతకడానికి చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ పోట్లాడాక, 1877లో పెంచారు. అంతకుముందు నందన కరువు, 1832-33లో, గుంటూరు సీమను ఊడ్చేసింది. వీరాస్వామయ్య ఈ దారిన నడిచిన రెండేళ్ళకే అది వచ్చింది.

కొండల్లో కరువు తీరు వేరు. మైదానంలో జొన్న మాడిన ఏడు కూడా ఇక్కడ ఇప్పపువ్వు రాలుతుంది, మొర్రి కాస్తుంది, గడ్డలు దొరుకుతాయి. పెద్ద చెట్లకు వేళ్ళు లోతు. తిండి ఉన్నచోట నీళ్ళుండవు, నీళ్ళున్న చోటికి మృగాలు వస్తాయి. అందుకే చీకటిపడ్డాక నీటి దగ్గరికి దిగొద్దు.

ఇప్పుడు మజిలీల్లో పండగ రోజులకు ట్యాంకర్లు పెడతారు. వాటినే నమ్ముకుని ఒక్క సీసాతో వచ్చేవాళ్ళు భీమునికొలను దగ్గర దొరికిపోతారు. అక్కడ లోయలోకి దిగి, ఎదురుగా వందల మెట్లెక్కాలి. రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి కట్టించినవి ఇవేనంటారు. శ్రీశైలానికి ఆయన మెట్లు కట్టించిన మాట శాసనాల్లో ఉంది. మిట్టమధ్యాహ్నం ఆ రాయి కాలుతుంటుంది, పిక్కలు పట్టేస్తాయి. ఒట్టి నీళ్ళు ఎంత తాగినా ఆ పట్టు వదలదు, చెమటలో పోయిన ఉప్పు తిరిగి రావాలి. లీటరు నీళ్ళకు ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్, లేదా ఉప్పేసిన పలుచటి మజ్జిగ. మనిషికి మూడు లీటర్లు భుజాన ఉండాలి, ఎక్కడ ట్యాంకు కనిపిస్తే అక్కడ నింపుకోవాలి. లోయను పొద్దున్నే దాటేలా ముందురోజు మజిలీ చూసుకోండి. ఆశ్వయుజ కార్తీకాల్లో సరైన వాన పడని ఏడు ఉగాది నడక మానుకుని శివరాత్రికే వెళ్ళండి.